వెనక వరండా కట్టేదెవరు

టులేరి, కాలిఫోర్నియా
ఏప్రిల్ 28, 2014

చెల్లీ ఇడాలీనా,

మేం ఇల్లు చేరాం. విమానం దిగేసరికి మీ బావ మోకాలు కర్రలా బిగుసుకుపోయింది. విమానం అమ్మాయిలిద్దరు చెరో రెక్కా పట్టుకుని నడిపించారు. వాళ్ళు పట్టుకున్నంతసేపూ మూలుగుతూ కుంటాడు, టాక్సీ దగ్గర వదిలేయగానే టకటకా నడిచి వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాడు. ఏం మనిషో!

ఇక్కడ అప్పుడే ఎండలు ముదిరాయి. ఆవులు నీడ వదిలి రావడం లేదు. నా మనవరాలు మరిస్సా కాలేజీ నుంచి వచ్చింది. ఎండాకాలమంతా ఇక్కడే ఉంటుందట. ఉంటుంది గానీ కంప్యూటరు ముందు నుంచి కదలదు.

ఫోన్ చెయ్యవే అంటావు. నా చెవులు పోయాక ఫోన్ అంటే ఏముంది, నువ్వక్కడ అరవడం, నేనిక్కడ "ఆఁ? ఆఁ?" అనడం. మధ్యలో మీ బావ లాక్కుని వాతావరణం గురించి మాట్లాడి పెట్టేస్తాడు. రాసుకుంటేనే నయం.

అసలు సంగతికి వస్తాను. మీ ఆయన జెర్మానో పోయిన దగ్గర్నుంచి ఈస్టర్ దాకా నీ దగ్గరున్నాను, అన్నాళ్ళూ ఈ మాట ఎత్తలేదు. మీ మూడంతస్తుల చెక్కింటి వెనక వరండాలు విప్పేసి కొత్తవి కట్టాలని సిటీ వాళ్ళు నోటీసు ఇచ్చి వెళ్ళారు. వెనక తలుపులకి అడ్డంగా పలకలు కొట్టారు. నిప్పంటుకుంటే దిగడానికి వెనక మెట్లు ఉండాలి కాబట్టి, చలికాలం వచ్చేలోపు కట్టకపోతే మధ్య అంతస్తులో అద్దెకున్న ఆ నర్సు పిల్ల నివాల్దా పసిదాన్ని చంకనేసుకుని ఇల్లు ఖాళీ చెయ్యాలి. నువ్వు ఆ నోటీసు మడిచి బ్రెడ్డు డబ్బా కింద పెట్టావు. చూడలేదనుకున్నావేమో, చూశాను.

ఎదురొచ్చిన వాణ్ణల్లా పిలిచి పని అప్పజెప్పకు. ముందు రిజిస్ట్రేషన్ నంబరు అడుగు. అది అతనిదేనా, ఇంకా చెల్లుతోందా, దాని మీద ఫిర్యాదులున్నాయా అన్నది రాష్ట్రం వాళ్ళ జాబితాలో చూడొచ్చు. నంబరు నాకు రాసి పంపు, మరిస్సా ఇక్కణ్ణుంచే చూస్తుంది. పనివాళ్ళకి ఇన్సూరెన్సు ఉందో లేదో అడుగు. ఆ కాగితం అతను జేబులోంచి తీసి చూపించడం కాదు, కంపెనీ వాళ్ళే నేరుగా నీకు పంపాలి. పర్మిట్ అతని పేరు మీద తీయాలి. "మీరే తీసుకోండమ్మా, తేలిగ్గా అయిపోతుంది" అన్నాడా, వచ్చిన దారినే పంపించెయ్. ఇంతకుముందు ఎవరెవరి ఇళ్ళలో చేశాడో కనుక్కుని, వెళ్ళి కళ్ళారా చూడు. మా పాలపాకకి రేకులు వేయించినప్పుడు మొదటివాడు సగం పని చేసి మాయమయ్యాడు గదా, ఆ దెబ్బతో నేర్చుకున్న చదువిది.

ఈసారైనా అన్నీ చూసుకుని చేయించు.

వేళకి తిను. తినకపోతే నాకు తెలిసిపోతుంది, నీ చేతిరాత సన్నబడుతుంది.

అక్క
జుల్మీరా


ఫాల్ రివర్, మసాచుసెట్స్
మే 14, 2014

అక్కా,

ఉత్తరం అందింది. బావ మోకాలు ఇప్పుడెలా ఉంది?

నేను బాగానే ఉన్నాను. తింటున్నాను. మొన్న ఆకుకూర సూపు కాచాను. గిన్నె దించేటప్పుడు మణికట్టు కాలిందట. "అట" అని ఎందుకంటున్నానంటే నాకు తెలీలేదు. సాయంత్రం నివాల్దా వచ్చి "అయ్యో, ఇదేంటి పిన్నీ, ఇంత బొబ్బ!" అంటే అప్పుడు చూసుకున్నాను. కట్టు కట్టింది.

"ఈసారైనా" అని రాశావు. ఆ మాట దగ్గర కాసేపు ఆగాను. పోయినసారి చూసుకోలేదు, నిజమే. అడెలీనో ఎవరో నీకు తెలుసు. రంగుల మిల్లులో ఆయనా మా ఆయనా పక్కపక్కనే పనిచేశారు. ఆదివారం పూజ అయ్యాక సుత్తి పట్టుకుని వచ్చేవాడు. ఇద్దరూ బీరు తాగుతూ, పాటలు పాడుకుంటూ పై వరండాకి ఆ రెయిలింగ్ కట్టారు. కింద నుంచి చూస్తే పెళ్ళివారిల్లులా ఉండేది. అలాంటప్పుడు ఎవరైనా నంబరు అడుగుతారా? ఫిబ్రవరిలో జెర్మానో చూరుకి వేలాడుతున్న మంచుగడ్డలు కొడదామని దాని మీదకి వంగాడు. అంతే. నువ్వలా రాసినందుకు కోపం రాలేదు. నాకిప్పుడు ఏదీ రావడం లేదు.

నీకు చెప్పనిది ఒకటుంది. ఆ రోజు సిటీ నుంచి వచ్చినతను "ఇది కట్టిందెవరమ్మా?" అని అడిగాడు. "మా ఆయనే" అన్నాను. అడెలీనోని కాపాడాలని కాదు. పేరు చెబితే ఇంకో ప్రశ్న వేస్తాడు. దానికీ జవాబు చెప్పాలి. నోరు తెరిచే ఓపిక లేక అన్నాను.

అడెలీనో ప్రతి వారం వస్తున్నాడు. ముందు మెట్ల మీద కూర్చుంటాడు. లోపలికి రమ్మంటే రాడు. కాఫీ ఇస్తే తాగి, కప్పు మెట్టు మీద బోర్లించి వెళ్ళిపోతాడు. మొన్న మాత్రం టోపీ చేతుల్లో నలుపుతూ, "వదినా, ఆ వెనక పని నాకొదిలెయ్. పైసా వద్దు. నా చేతుల్తో నన్ను చెయ్యనీ" అన్నాడు. చర్చిలో ఆడవాళ్ళందరూ కూడా అదే పాట. పాపం, చెయ్యనివ్వు, అతని మనసు తేలికపడుతుంది అని. నా మనసు గురించి ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పడానికి ఏం లేదు.

సోమవారం నుంచి వస్తాడు. సరేనన్నాను.

నివాల్దా కూతురు గోడ పట్టుకుని నడుస్తోంది.

ఇడాలీనా


టులేరి
మే 24, 2014

ఒసేయ్ ఇడాలీనా,

నీకు మతుండే రాశావా ఆ ఉత్తరం? రెండుసార్లు చదివి, నా కళ్ళు కూడా పోయాయేమోనని మీ బావ చేత చదివించాను. అదే రాసుంది. అడెలీనో! మళ్ళీ అడెలీనో! మొగుణ్ణి మింగిన రెయిలింగ్ కట్టినవాడి చేతే మళ్ళీ కట్టిస్తావా? రేపు అదే వరండాలో నివాల్దా బిడ్డ గోడ పట్టుకుని నడుస్తుంది, ఆలోచించావా?

అతని మనసు తేలికపడాలట. మనసు బరువెక్కితే చర్చి ఫాదర్ దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చోమను. వరండాలు ఎందుకు కట్టడం?

పైగా "మా ఆయనే కట్టాడు" అని చెప్పావా? చచ్చినవాడి నెత్తిన వేశావా? జెర్మానోకి మేకు సరిగ్గా కొట్టడం రాదు, మా ఇంట్లో పటం తగిలించబోయి గోడకి కన్నం పెట్టాడు. పాపం, ఆ మనిషి పేరున ఇదొకటి రాసి ఉంటుందా సిటీ పుస్తకంలో?

నేను ఊరుకునే రకం కాదని నీకు తెలుసు. మరిస్సా జాబితా అంతా వెతికింది. అడెలీనో పషేకో అన్న పేరే ఎక్కడా లేదు. ఇన్సూరెన్సు లేదు, లైసెన్సు లేదు, ఏమీ లేదు. కాబట్టి ఆ జాబితా ఉంచే రాష్ట్రం ఆఫీసుకే ఫిర్యాదు పెట్టించాను. పాత రెయిలింగ్ కట్టింది అతనేనని, ఇప్పుడు మళ్ళీ పని మొదలెట్టాడని, అన్నీ రాయించాను. చెప్పకుండా చేసిందని తర్వాత అనకు. చెప్పే చేస్తున్నాను.

పరిశుద్ధాత్మ పండగ దగ్గరికొచ్చింది. ఈ ఏడు హాల్లో సూపు వండే బాధ్యత నా మీద పడింది. పుదీనా కట్టలు ఎన్ని కావాలో ఎవర్నడిగినా తలో మాటా చెబుతున్నారు, నాకేమో ఒక్కటీ వినపడదు. మీ బావ పనిమంతుడిలా తిరుగుతూ మాంసం ముక్కలు రుచి చూస్తున్నాడు.

కోప్పడ్డానని ఉత్తరం రాయడం మానకు.

జుల్మీరా


ఫాల్ రివర్
జూన్ 18, 2014

అక్కా,

నువ్వనుకున్నది కాదు.

అడెలీనోకి నేను సరేనన్నది కట్టడానికి కాదు. ఆ రోజు నుంచి పెరట్లో పడి ఉన్న పుచ్చు చెక్కలు ఏరి, కట్టలు కట్టి, బయటపెట్టడానికి. వాటిని కిటికీలోంచి చూడలేక పరదా వేసే ఉంచుతున్నాను. నేను సరిగ్గా రాయలేదు. ఈ మధ్య వాక్యం మొదలుపెడితే చివరికి వెళ్ళేలోగా ఎందుకు మొదలుపెట్టానో మర్చిపోతున్నాను.

నీ ఫిర్యాదు మీద ఆఫీసు మనిషి వచ్చేసరికి అడెలీనో పెరట్లో చెక్కల మధ్య నిలబడి ఉన్నాడు. వయసులో చిన్నవాడే, మర్యాదస్తుడు. "ఈ ఇంటి రెయిలింగ్ మీరు కట్టారని ఫిర్యాదు వచ్చింది. నిజమేనా?" అన్నాడు. నేను కిటికీ దగ్గరున్నాను. అడెలీనో టోపీ తీసి, "నేనే కట్టాను" అన్నాడు. ఎన్నాళ్ళ నుంచో ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తున్నట్టే అన్నాడు.

తర్వాత నన్ను ఆఫీసుకి పిలిపించారు. ముందు అబద్ధం ఎందుకు చెప్పారని అడిగారు. ఓపిక లేక అన్నాను. అక్కడి ఆఫీసరమ్మ రాసుకోబోయి ఆగి, నా మొహం చూసి, పోనీ మంచినీళ్ళు తాగండి అంది. ఇకమీదట ఎవరింట్లోనూ ఇలాంటి పని ముట్టుకోనని అడెలీనో చేత సంతకం చేయించుకున్నారట. అక్కడా ఇక్కడా తలుపులు బిగించి, మెట్లు బాగుచేసి బతుకుతున్న మనిషి. ఇప్పుడు చర్చికి కూడా రావడం లేదు. ఆడవాళ్ళు నాతో మాట్లాడ్డం మానేశారు, ఫిర్యాదు నేనే పెట్టానని. కాదని చెప్పలేదు.

నీ మీద కోపం రావాలి. వస్తుందేమోనని కూర్చుని చూశాను. రాలేదు.

నివాల్దా ఊరుకోలేదు. "పిన్నీ, నన్ను రోడ్డున పడేస్తావా?" అని ఒకరోజు ఏడ్చి, మర్నాడు తనే ఒకామెని తీసుకొచ్చింది. పేరు చాంతూ. కంబోడియా వాళ్ళ పిల్ల, ఈ ఊళ్ళోనే పెరిగింది. నివాల్దాతో పనిచేసే నర్సు ఇంటికి వరండాలు కట్టిందట. పొట్టిగా ఉంటుంది, చెవి వెనక పెన్సిల్. కూర్చోమంటే కూర్చోకుండా తిన్నగా వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, పలకల సందులోంచి చాలాసేపు చూసింది.

"ఇక్కణ్ణుంచేనా పడిపోయింది?" అంది.

అవునన్నాను. అందరూ ఆ మాట దాటేసి మాట్లాడతారు. ఈమె తిన్నగా అడిగింది.

"ఇది నా రిజిస్ట్రేషన్ నంబరమ్మా. ఇన్సూరెన్సు కాగితం వాళ్ళే మీకు పోస్టులో పంపుతారు. నేను కట్టిన ఇళ్ళ అడ్రసులివి. ఎవరి దగ్గరికైనా వెళ్ళండి. నన్ను తిట్టినా సరే, ఏమన్నారో నాకు చెప్పక్కర్లేదు" అంది.

నంబరు ఈ కాగితం వెనక రాశాను. మరిస్సాని చూడమను.

ఇడాలీనా


టులేరి
జూలై 2, 2014

ఇడాలీనా,

నీ ఉత్తరం చదివాక ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. మీ బావ భయపడి డాక్టర్ని పిలవబోయాడు.

తప్పుగా అర్థం చేసుకున్నాను. ఒప్పుకుంటున్నాను. కానీ నువ్వు కూడా "సోమవారం నుంచి వస్తాడు, సరేనన్నాను" అని రాస్తే ఎవరు మాత్రం ఏమనుకుంటారు? ఇక్కడ కూర్చుని నాకు నీ మాట వినపడదు, మొహం కనపడదు. ఉన్నదల్లా ఆ నాలుగు ముక్కలు. వాటితోనే బుర్ర బద్దలు కొట్టుకోవాలి. చర్చిలో ఆడవాళ్ళకి ఫిర్యాదు పెట్టింది కాలిఫోర్నియాలో ఉన్న చెవిటి అక్క అని చెప్పు. తిట్టుకోనీ, ఎలాగూ నాకు వినపడదు.

అడెలీనో "నేనే కట్టాను" అన్నాడని రాశావు. ఆ ఒక్క ముక్క మీ బావకి చదివి వినిపించాను.

ఇక ఆ చాంతూ సంగతి. మరిస్సా నంబరు చూసింది. ఇడాలీనా, ఆ నంబరు ఆమెది కాదు! మీ రాష్ట్రంలోనే ఎక్కడో పడమటి కొసన ఈత కొలనులు కట్టే వాడిది. పేరు మగ పేరు. మూడుసార్లు చూడమన్నాను, మూడుసార్లూ ఆ కొలనుల వాడే వచ్చాడు. తిన్నగా మాట్లాడిందని రాశావు. మోసం చేసేవాళ్ళే తిన్నగా మాట్లాడతారు. మా రేకుల వాడు మా పశువుల పేర్లతో సహా నేర్చుకున్నాడు.

గుమ్మం ఎక్కనివ్వకు. మళ్ళీ వస్తే తలుపు తియ్యకుండానే చెప్పు.

పండగ బాగా జరిగింది. పుదీనా ఎక్కువైంది. ఎవరూ ఏమీ అనలేదు, అన్నా తెలీదు.

నీ మణికట్టు మానిందా?

అక్క
జుల్మీరా


ఫాల్ రివర్
జూలై 29, 2014

అక్కా,

పెద్ద ఉత్తరం ఇది. కూర్చుని చదువు.

నీ ఉత్తరం వచ్చిన వారంలోనే చాంతూ కొలతలు తీసుకోవడానికి వచ్చింది. నువ్వు చెప్పినట్టు తలుపు తియ్యకుండానే, "నీ నంబరు నీది కాదట. ఇక రాకు" అన్నాను.

"ఎవరు చూశారమ్మా?"

"మా అక్క. కాలిఫోర్నియాలో ఉంటుంది."

"కాలిఫోర్నియా నుంచి చూశారా!" అని నవ్వింది. కోపం లేదు. "తలుపు తియ్యొద్దులే. నేను నంబరు చదువుతాను, మీరేం రాశారో మీరు చదవండి" అంది.

నేను రాసుకున్న చీటీ చూసి చదివాను. రెండూ ఒకటే. మళ్ళీ చదివాం. ఒకటే. చివరికి తలుపు సందులోంచి చీటీ జారవిడవమంది. జారవిడిచాను. "అమ్మా, ఇవి ఏడులా, ఒకట్లా?" అంది.

అప్పుడర్థమైంది. మనం పుట్టి పెరిగిన దీవిలో బళ్ళో నేర్పిన ఒకటి, పైన పొడుగ్గా చూరు దించి రాస్తాం కదా. నువ్వు చూసుంటే సరిగ్గానే చదివేదానివి. నువ్వు కాగితం మరిస్సా చేతికిచ్చావు. ఈ దేశంలో పుట్టిన పిల్ల, మన ఒకట్లన్నిటినీ ఏడులు చేసింది. ఆ కొలనుల పెద్దమనిషికి ఇవేవీ తెలియవు.

తలుపు తీశాను. క్షమించమన్నాను. "ఎందుకమ్మా? చూడమని నేనే కదా చెప్పాను. ఏమీ చూడకుండా సరేననే వాళ్ళింట్లో పని చెయ్యాలంటేనే నాకు భయం. వాళ్ళు కట్టేటప్పుడు కూడా చూడరు" అంది. మర్నాడు లైబ్రరీకి వెళ్ళి అక్కడి అమ్మాయి చేత చూపించాను. పేరు, ఊరు, అన్నీ ఆమెవే. ఫిర్యాదులు లేవు. ఇన్సూరెన్సు వాళ్ళ కాగితం కూడా వచ్చింది. నీ జాబితాలో మిగిలింది ఒక్కటే, ఇళ్ళకి వెళ్ళి చూడ్డం.

అది నావల్ల కాదని తెలుసు. ఆ రోజు తర్వాత నేను ఎవరి వరండా మీదా కాలు పెట్టలేదు. వెళ్ళినా ఏం చూడాలో తెలీదు. చెక్క చెక్కలాగే కనిపిస్తుంది. అందుకని అడెలీనో ఇంటికి వెళ్ళాను.

తలుపు తీసి, నన్ను చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. గడ్డం పెరిగిపోయింది. తిట్టడానికి వచ్చాననుకున్నాడు.

"ఒక వరండా చూడాలి. నాకు తెలీదు. నువ్వు రా" అన్నాను.

"నేనా? నేను ముట్టుకోకూడదు వదినా. సంతకం పెట్టాను."

"ముట్టుకోవద్దు. చూడు. చూడ్డానికి సంతకం అక్కర్లేదు."

చొక్కా మార్చుకుని వచ్చాడు.

చాంతూ ఇచ్చిన మొదటి అడ్రసులో ఇంటావిడ పేరు ఓర్టెన్స్. ఫ్రెంచివాళ్ళు. మనకంటే చాలా పెద్దావిడ, నోరు మాత్రం గంట కొట్టినట్టుంటుంది. "ఆ చాంతూ పిల్లా? బంగారం! కానీ నా గులాబీ మొక్క తొక్కేసింది, అది మాత్రం రాసుకోండి" అంటూ మమ్మల్ని మూడో అంతస్తుకి తీసుకెళ్ళింది. నేను వంటింటి గడప దగ్గర ఆగిపోయాను. అడెలీనో ఒక్కడే వరండాలోకి వెళ్ళాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. స్తంభాల అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. తల వంచి అవతలి వైపు చూశాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత లేచి, రెయిలింగ్‌కి వీపు ఆనించి, బరువంతా దాని మీద వేసి వెనక్కి వాలాడు.

అక్కా, ఎప్పుడు గడప దాటానో తెలీదు. రెండు చేతులతో అతని చొక్కా పట్టుకుని లోపలికి లాగాను. గుండీలు తెగి వంటింట్లో దొర్లాయి. "చావాలనుందా? నువ్వు కూడా చావాలనుందా?" అని అరిచానట. కింది వీధిలోకి వినపడిందని ఓర్టెన్స్ చెప్పింది. అతన్ని కొట్టాను కూడా. ఛాతీ మీద, భుజాల మీద. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు.

తర్వాత అతను నేల మీదే కూర్చుని, రెయిలింగ్ వైపు చూస్తూ అన్నాడు: "బోల్టులు వదినా. ప్రతి స్తంభానికీ దూలంలోంచి బోల్టు దూర్చి అవతల బిగించింది. నేను మేకులు కొట్టాను. ఇవి సరిపోతాయా అని జెర్మానో అడిగాడు. చాలన్నాను."

ఓర్టెన్స్ ఇద్దరికీ మాంసం కూరి కాల్చిన రొట్టె ముక్కలు కోసి పెట్టింది. తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. ఉప్పు ఎక్కువైందని తెలిసింది.

చాంతూకి పని ఇచ్చాను. పర్మిట్ ఆమే తీసుకుంటోంది.

ఇంటికొచ్చి నీ మీద కోపం తెచ్చుకున్నాను. "ఈసారైనా" అన్నందుకు, ఫిర్యాదు పెట్టినందుకు, అన్నిటికీ కలిపి. రెండు రోజులుంది. ఇప్పుడు లేదు.

ఇడాలీనా


టులేరి
ఆగస్టు 12, 2014

నా చెల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా మీద కోపం వచ్చిందన్న దగ్గర కళ్ళజోడు తీసి పక్కన పెట్టాల్సొచ్చింది. రానీ. ఎంత కావాలంటే అంత రానీ. ఈస్టర్ దాకా నీ ఎదురుగా కూర్చున్నాను, ఒక్కసారి కూడా నువ్వు నన్ను విసుక్కోలేదు. చిన్నప్పటి నుంచి నన్ను విసుక్కోకుండా ఒక్కరోజు ఉన్నదానివి కాదు. అదే నాకు భయం వేసింది. అందుకే అన్ని జాగ్రత్తలు రాశాను. అవి రాస్తే నువ్వు ఇంకెవర్నో అనుమానిస్తావని కాదు, ఏదో ఒక దాని కోసం ఇల్లు కదిలి వెళ్తావని.

మరిస్సా నీకు క్షమాపణ చెప్పమంది. ఒకటి ఎలా రాయాలో నా దగ్గర నేర్చుకుంటోంది. బాగా నవ్వుకున్నాం, ఆ కొలనుల వాడి సంగతి తలుచుకుని.

ఒక మాట అడుగుతాను. జవాబు రాయాలనిపిస్తేనే రాయి. అడెలీనోని క్షమించావా?

మీ బావకి మోకాలు ఆపరేషన్ చెయ్యాలన్నారు. డాక్టరు ఎక్కడ చదివాడు, ఇంతకుముందు ఎన్ని మోకాళ్ళు కోశాడు, వాళ్ళిప్పుడు నడుస్తున్నారా అని అడిగాను. మీ బావ సిగ్గుతో చచ్చిపోయాడు. డాక్టరు మాత్రం అన్నీ కాగితం మీద రాసి చూపించాడు, నాకు వినపడదు గదా.

అక్క


ఫాల్ రివర్
అక్టోబరు 21, 2014

జుల్మీరక్కా,

బావ నడుస్తున్నాడా? కర్ర లేకుండానా? సగం వేషమే అయ్యుంటుంది, చూసుకో.

వరండాలు అయిపోయాయి. మూడూ. సిటీ మనిషి వచ్చి బోల్టులన్నీ తట్టి చూసి సంతకం పెట్టాడు. మెట్లు కొత్త చెక్క వాసన వేస్తున్నాయి. నివాల్దా ఖాళీ చెయ్యక్కర్లేదు. ఆ రోజు పిల్లనెత్తుకుని మెట్లమీద కిందికీ పైకీ ఊరికే తిరిగింది.

పని జరిగినన్నాళ్ళూ అడెలీనో వచ్చేవాడు. పెరట్లోకి కాదు. ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడి చూసేవాడు. ఒకరోజు చాంతూ పై నుంచి "తాతా, అక్కడ నిలబడ్డానికి కూడా పర్మిట్ తియ్యాలి!" అని కేకేసింది. నవ్వాడు. ఆ రోజు నుంచి చర్చికి వస్తున్నాడు. వెనక బెంచీలో కూర్చుంటాడు.

క్షమించావా అని అడిగావు. తెలీదక్కా. ఎదురైతే పలకరిస్తాను. మొన్న తీపి రొట్టె చేసినప్పుడు ఒకటి పంపాను. కానీ పైకి పిలిచి కొత్త వరండా చూపించలేదు. అతనూ అడగలేదు. ప్రస్తుతానికి ఇంతవరకే.

నిన్న ఒక చిన్న జంట వచ్చింది. నది అవతల పాత ఇల్లు కొన్నారట. చాంతూ వాళ్ళకి నా అడ్రసు ఇచ్చింది, వెళ్ళి చూడండని. ఆ అమ్మాయికి ఏడో నెలో ఎనిమిదో నెలో. చేతిలో ప్రశ్నలు రాసుకున్న కాగితం. చెప్పిన వేళకి వచ్చిందా, మధ్యలో మాట మార్చిందా, ఇల్లు శుభ్రం చేసి వెళ్ళిందా, మళ్ళీ పిలుస్తారా. అన్నిటికీ చెప్పాను. నాకు గులాబీ మొక్క లేదు కాబట్టి ఏమీ తొక్కలేదని కూడా చెప్పాను.

ఆ అబ్బాయి మొహమాటపడుతూ, "ఇన్ని అడుగుతున్నామని ఏమీ అనుకోకండి" అన్నాడు.

"అడగండి. మా ఆయన ఇక్కణ్ణుంచే పడి పోయాడు. పాతది కట్టినవాణ్ణి మేమేమీ అడగలేదు" అన్నాను.

కొత్తవాళ్ళకి ఎవరికీ ఈ మాట నా నోటితో చెప్పలేదక్కా ఇంతవరకు. చెప్పాక ఇల్లు కూలిపోలేదు. ఆ అబ్బాయి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళబోతూ ఆ అమ్మాయి గుమ్మంలో ఆగి, కాగితం మీద లేని ప్రశ్న ఒకటి అడిగింది.

"ఇక్కడ ఉండాలంటే మీకు భయం వెయ్యదా అండీ?"

వేసేది కాదని చెప్పాను. ఫిబ్రవరి నుంచి నాకు ఏదీ వేసేది కాదు. కొత్త వరండా కట్టాకే మొదలైంది. కింద నివాల్దా వెనక తలుపు తీసిన చప్పుడైతే చాలు, చేతిలో పని ఆగిపోతుంది. ఊపిరి బిగబట్టి వింటాను. ఆమె బట్టలు ఆరేసి, లోపలికి వెళ్ళి, గడియ పెట్టుకున్నాక గానీ మళ్ళీ చెయ్యి కదలదు. బోల్టులున్నాయని తెలుసు. సంతకం పెట్టారని తెలుసు. అయినా అంతే.

"ఇదే నయం" అన్నాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నీకవుతుంది.

ఇవాళ గాలి బాగా ఉంది. నివాల్దా దుప్పట్లు ఉతుకుతోంది.

నీ
ఇడాలీనా